రైలెక్కితే ఊయల అన్న అమ్మమ్మ

మొన్న మిర్యాలగూడ దాటాక ఒక రైల్వే అబ్బాయి మా రైలు పెట్టెలో చిన్న మిషన్ పెట్టి కుదుపులు కొలుస్తున్నాడు. "కుదుపు తెలుస్తున్నదా పెద్దమ్మా?" అన్నాడు.

"డెబ్బై ఏండ్లు ఆలస్యంగ వచ్చినవ్ బిడ్డా" అన్నాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎడ్లబండిలో మందంగా పరిచిన వరిగడ్డి, దానిమీద పాతచీరల బొంత, ఇరుసుకు పూసిన ఆముదం వాసన. కోదాడ నుంచి ఖమ్మం స్టేషన్ దాకా మా అమ్మను అలాగే పడుకోబెట్టి తీసుకెళ్లాం. ఎనిమిదో నెల, నెత్తురు ఆగడం లేదు. కుదుపు తగలకుండా వరంగల్ దవాఖానకు చేర్చమంది మంత్రసాని.

"ఓర్సుకో బిడ్డా, రైలెక్కితే ఊయల లెక్కుంటది" అనేది అమ్మమ్మ, గుంత వచ్చినప్పుడల్లా. ఆమె జన్మలో రైలెక్కలేదు. నమ్మకానికి అది అడ్డు కాలేదు.

ఊళ్లల్లో కొట్లాటలు నడుస్తున్న ఆ గలాటాల రోజుల్లో పట్టాలను పట్టించుకున్న నాథుడు లేడు. రైలు మా బండికంటే ఘోరంగా ఎగిరిపడింది. చెక్కబల్లకు కొట్టుకోకుండా అమ్మ తలను నేను చేతుల్లో పట్టుకున్నాను.

"ఇదేనా అమ్మా నీ ఊయల?" అంది అమ్మ, నవ్వబోయి.

"డోర్నకల్ దాటనియ్యి. ఆడికెళ్లి పట్టాలు మంచిగుంటయి."

డోర్నకల్ దాటింది. మానుకోట దగ్గర అమ్మ ఊపిరి ఆగిపోయింది. నా చేతులకు తెలిసింది, అయినా తలను వదల్లేదు. అమ్మమ్మ మాత్రం కొంగుతో ఆమె మొహం తుడుస్తూ, ముందున్న మంచి పట్టాల గురించి వరంగల్ దాకా చెబుతూనే ఉంది.