గోంగూర మడి, తడి ఇసుక

నా చిన్నప్పుడు ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే నాకు జైలు మొదలైనట్టే. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగస్తులు, వచ్చేసరికి సాయంత్రం అయ్యేది. మా ఇంటి తాళంచెవి పక్కింటి అక్క దగ్గర ఉండేది. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి ఆ అక్కనడిగి చెవి తీసుకుని, మా గేటు తెరుచుకుని, లోపలినుంచి తాళం వేసి, చెవి మళ్లీ గోడ మీంచి ఆమెకే ఇచ్చేయాలి. నా చేతిలో ఉంటే వీధిలోకి పోతానని అమ్మ భయం. ఇక ఆపైన నేనూ, మా కుక్క జిమ్మీ, ఎండా.

కూకట్‌పల్లిలో హౌసింగ్ బోర్డు వాళ్ల ఇల్లు అది. గోదావరి జిల్లా నుంచి వచ్చి కొనుక్కున్న మొదటి సొంతిల్లు కావడంతో నాన్నకి దానిమీద మహా మోజు. మట్టి ఉంటే తేళ్లు వస్తాయి, వానాకాలం బురదవుతుంది అని వాకిలంతా సిమెంటు చేయించేశారు. మా వీధిలో అందరూ అదే పని చేశారు, అదో గొప్ప. అమ్మ పోట్లాడి, బతిమాలి, గోడ వెంట చాపంత జాగా మాత్రం మట్టిగా ఉంచుకుంది. అందులో గోంగూర వేసింది. అవి మా అమ్మమ్మ పెరట్లో గింజలు, అమ్మ చీర కొంగున మూటకట్టుకుని తెచ్చుకున్నవి. ఇక్కడి బజార్లో దొరికే గోంగూర పుల్లగా ఉండదని ఆవిడ ఫిర్యాదు. పొద్దున్నే ఉద్యోగానికి వెళ్తూ వెళ్తూ ఆ మడికి రెండు బకెట్లు నీళ్లు పోసి మరీ వెళ్లేది.

మేం ఇటు తిరగ్గానే జిమ్మీ ఆ మడి తవ్వేసేది. మొలకలు ఒక పక్క, మట్టి ఒక పక్క, మధ్యలో గుంత, గుంతలో జిమ్మీ. అమ్మ మళ్లీ విత్తేది, అది మళ్లీ తవ్వేది. నాన్న కారం చల్లారు. జిమ్మీ ఒకటే తుమ్ములు, నేనూ తుమ్ములు, మర్నాటికల్లా మళ్లీ గుంత. తుమ్మకంపలు తెచ్చి పరిచారు. అవి అమ్మ చీరని చింపాయి గాని జిమ్మీని ఆపలేదు, నోటితో లాగి అవతల పారేసింది. చివరికి గొలుసుతో కిటికీ ఊచకి కట్టేశారు. అది మధ్యాహ్నమంతా మెడ తెగేలా గుంజుకుంటూ ఏడ్చేది. దానికి గొలుసు, నాకు గేటు. ఇద్దరం ఒకరి మొహాలొకరం చూసుకునేవాళ్లం.

ఆ ఏడుపు భరించలేక వెనకింటి వాళ్లు వచ్చి నాన్నతో గొడవపడ్డారు. ఆ రాత్రి అన్నాల దగ్గర అమ్మ, "ఇప్పుడు విత్తినవే ఆఖరి గింజలండి, ఇక లేవు" అంది. నాన్న కంచంలోంచి తలెత్తకుండా చెప్పారు. కట్టేస్తే ఊరంతా గోల, వదిలేస్తే మడి నాశనం, కాబట్టి ఆదివారం జిమ్మీని స్కూటర్ మీద తీసుకెళ్లి మాదాపూర్ గుట్టల్లో వదిలేసి వస్తానన్నారు. అప్పట్లో మాదాపూర్ అంటే రాళ్లు, సీతాఫలం పొదలు, అంతే. అక్కడ దానికి అన్నం ఎవరు పెడతారు? నా కంచంలో అన్నం తీసుకెళ్లి జిమ్మీకే పెట్టేశాను.

మర్నాడు మధ్యాహ్నం చెవి ఇస్తూ గోడ దగ్గరే ఏడ్చేశాను. పక్కింటి అక్కది పాలమూరు వైపు. పెళ్లై కొత్తగా వచ్చింది. అత్తగారికి తెలియకుండా గడప దాటడానికి లేదు, కూరగాయలకి కూడా అత్తగారే వెళ్లేది. ఆవిడ పడుకున్న కాసేపూ అక్క మా గోడకి మోచేతులానించి నిలబడి నాతో కబుర్లాడేది. ఆ రోజు నా ఏడుపంతా విని, ముందు సిమెంటు మీద అరచెయ్యి పెట్టమంది. చురుక్కుమంది. తర్వాత మడిలో పెట్టమంది.

"ఎట్లుంది?"

"చల్లగా ఉంది."

"గంతే. మీ అమ్మ మీద దానికేం పగ లేదు. ఎండకు ఆగుతలేదు, సల్లటి జాగ దేవులాడుతుంది."

ఇన్నాళ్లూ మేమంతా దాన్ని మడికి ఎలా దూరం చేయాలా అని చూశాం. అది పడుకోవడానికి ఇంకెక్కడుందని ఎవరూ చూడలేదు. బాత్రూం వెనకాల, నీళ్లట్యాంకు నీడలో, గొట్టాల కోసమని సిమెంటు చేయకుండా వదిలేసిన మూల ఒకటుంది. అక్క వాళ్లింట్లో మేడమీద గది కడుతున్నారు, ఇసుక కుప్ప మా గోడని ఆనుకునే ఉంది. అక్క తట్టలో కొంచెం కొంచెంగా ఎత్తి అందిస్తుంటే నేను మోసుకెళ్లి ఆ మూలలో పోశాను. కుళాయి నీళ్లు పట్టి తడిపాను. అడుగున దాచమని అక్క ఒక జొన్నరొట్టె ముక్క ఇచ్చింది. అన్నీ అయ్యాక, "ఇగ గొలుసు ఇప్పు" అంది.

ఇప్పగానే జిమ్మీ ఇసుక వంక కూడా చూడలేదు, తిన్నగా మడి దగ్గరికి వెళ్లింది. రెండాకుల మొలకలు అప్పుడే తల ఎత్తుతున్నాయి. అది ముందుకాలు ఎత్తింది. నేను అరవబోయాను.

"అరవకు. నువ్వే పోయి ఇసుకల కూసో. తవ్వు."

గౌనుతోనే పోయి ఆ తడి ఇసుకలో కూలబడి రెండు చేతులా తవ్వడం మొదలెట్టాను. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, మడి వైపు చూసే ధైర్యం లేదు. కాసేపటికి నా మోచేతి పక్కన తడి ముక్కు తగిలింది. జిమ్మీ ఒకసారి నన్ను, ఒకసారి గుంతని చూసి, నన్ను పక్కకి నెట్టేసి అది తవ్వింది. రొట్టె దొరికింది. గుండ్రంగా తిరిగి తిరిగి, పొట్ట ఇసుకకి ఆనించి, ఎంత పెద్ద నిట్టూర్పు విడిచిందో! నేనూ దాని పక్కనే ఒరిగాను. ఆ వేసవిలో నాకు హాయిగా ఊపిరాడిన మొదటి మధ్యాహ్నం అదే.

"తవ్వుకోనియ్. పానం ఉన్నంక జరంత జాగ ఉండాలె" అంది అక్క గోడమీంచి.

"మరి నీకేదక్కా జాగా?" అన్నాను.

అక్క నవ్వి గోడ మీద చేత్తో తట్టింది. "గీ గోడున్నది గద."

ఆదివారం స్కూటర్ బయటికి రాలేదు. జిమ్మీ ట్యాంకు నీడలో కాళ్లు చాపుకుని పడుకుంటే నాన్న వచ్చి చూసి, తనే ఒక బకెట్ నీళ్లు తెచ్చి ఇసుక మీద చల్లారు. ఆ ఏడు గోంగూర పచ్చడి వీధిలో నాలుగిళ్లకి పంచాం.

అక్క వాళ్లింటికి పంపిన గిన్నె మాత్రం వాళ్ల అత్తగారు గేటు దగ్గరే అందుకుంది. కోడలు ఎప్పుడు చూసినా గోడ దగ్గరే ఉంటోందని ఆవిడ అప్పటికే కనిపెట్టింది. మేడమీద గదికి తెచ్చిన ఇటుకలతోనే, మిగిలిన ఆ ఇసుకతోనే, వారం తిరక్కుండా గోడని మనిషెత్తు లేపించారు. ఇక చెవి అందించే దారి లేదని అమ్మ దాన్ని తాడుకి కట్టి నా మెళ్లో వేసింది. నాకు గేటు తెరుచుకుంది, అక్కకి మూసుకుపోయింది. నేను ఇసుకలో కూర్చుని "అక్కా, జిమ్మీ పడుకుంది" అని గట్టిగా చెబితే అవతలినుంచి గోడ మీద తట్టిన చప్పుడొచ్చేది. కొన్నాళ్లకి అదీ రాలేదు.

ఇప్పుడు నేనుండేది ఆ మాదాపూర్‌లోనే. గుట్టలు లేవు, అన్నీ అద్దాల మేడలు. మా కోడలు ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తుంది. రోజంతా ఒకే గదిలో, చెవులకి హెడ్‌ఫోన్లు, మధ్యమధ్యలో పిల్లాడు, వంట. సాయంత్రం పని ముగిశాక కిందికి దిగి, కార్లు ఆపే చోట స్తంభం పక్కన బెంచీ మీద ఒక్కతే కూర్చుంటుంది. ఫోను కూడా చూడదు. ఆ సమయంలో నేను ఆమెకి ఫోన్ చేయను, అమ్మ కావాలని పేచీ పెట్టినా పిల్లాణ్ణి పంపను, వాడికి నేనే ఏదో కథ చెబుతాను. రోజూ ఒక్కతే కూర్చుని అక్కడ ఏం చేస్తుందండీ అని ఎదురింటావిడ అడుగుతూ ఉంటుంది.

"అక్కడ చల్లగా ఉంటుందండీ" అంటాను.