అడగని ప్రశ్న

మా అమ్మాయి పెళ్లి ప్రధానానికి హోసూరు నుంచి కృష్ణగిరికి బస్సులో వెళ్తున్నాం. కిటికీ దగ్గర మా అమ్మాయి కూర్చుంది. నాకు ఇటు పక్కన కూర్చున్న బురఖా ఆమెకు మా చర్చి పెళ్లిళ్ల గొప్పలు చెప్పి, "మీలో ఆడపిల్ల ఇష్టం ఎవరు అడుగుతారులే" అన్నాను.

ఆమె నవ్వింది. "అడక్కుండా నిఖా యాడ జరుగుతాదమ్మా? మొన్న ఖాజీ అడిగితే నా కూతురు వద్దనేసింది. వచ్చినోళ్లకు బిర్యానీ పెట్టి పంపించినాము."

"నలుగురిలో తలవంపులు కాదా?"

"అయినాయి. బిడ్డ ఏడుస్తా కాపురం చేసేదానికన్నా మేలు గదమ్మా. మీ చర్చిలో అడగరా?"

"ఎందుకడగరు? పాస్టరుగారు అందరి ముందూ అడుగుతారు."

"ఆయన అడుగుతాడులే. నువ్వే అడగలేదు" అంది మా అమ్మాయి, కిటికీ వైపే చూస్తూ.

బస్సు సూళగిరి దాటింది. దారిన పోయేవాళ్లతో కూడా వాదనకు దిగే నాకు, కన్నకూతుర్ని ఆ ఒక్క మాట అడగడానికి కృష్ణగిరి దగ్గరపడి గురుబరపల్లి వచ్చేదాకా నోరు రాలేదు.