జంగయ్య పెట్టని సంతకం

మీరు జంగయ్యను కలిసి తీరాలి. బోరబండ గుట్ట ఎక్కి "మెగ్గర్ జంగయ్య ఇల్లేది?" అంటే ఎవరైనా చూపిస్తారు. మెగ్గర్ అంటే తీగల్లో కరెంటు ఎక్కడ కారిపోతోందో పట్టిచ్చే పెట్టె. పక్కనున్న పిడి పట్టుకుని గిరగిరా తిప్పితే అద్దం వెనక ముల్లు కదులుతుంది. ముల్లు సున్నా దగ్గరే కూలబడిందంటే ఆ వైరింగ్ పనికిరాదు. మా మోతీనగర్ ఇంట్లో ఫ్యూజు మార్చడానికి పిలిస్తే, ఫ్యూజుతో ఆగకుండా ఇల్లంతా ఆ పెట్టెతో పరీక్ష చేసి వెళ్లిన మనిషి ఆయన. అప్పట్నుంచి నేను ఆయన్ని వదల్లేదు. ఆయన అనుభవాలు వింటుంటే మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

పద్నాలుగేళ్లు జంగయ్య, పట్టాభిరామయ్య అనే కాంట్రాక్టరు కింద వైర్‌మన్. జూబిలీహిల్స్‌లో బండలు పగలగొట్టి బంగళాలు లేపుతున్న రోజులవి. ఏ కొత్త ఇంటికైనా కరెంటు ఇవ్వాలంటే, లైసెన్సున్న కాంట్రాక్టరు ఒకాయన "చూశాను, పరీక్షించాను, బాగుంది" అని టెస్ట్ రిపోర్టు మీద సంతకం పెట్టాలి. పట్టాభిరామయ్య దగ్గర లైసెన్సుంది. జన్మలో స్క్రూడ్రైవర్ మాత్రం పట్టలేదు. పోనీ తన మనుషులు చేసిన పనికే సంతకం పెడతాడా అంటే అదీ కాదు. ఎవరు ఎక్కడ ఎలా తగలేసినా సరే, యూసుఫ్‌గూడలో ఆయన వరండా మెట్లెక్కి ఫారం ఇస్తే చాలు, సంతకం పడిపోతుంది. ఇంటి మొహం చూసే పనే లేదు.

"సార్, జర ఒక్కపారి పోయి చూడున్రి" అనేవాడట జంగయ్య.

"చూస్తే ఏం కనబడుతుందయ్యా? కరెంటు కంటికి కనపడేదా?" అని పకపకా నవ్వేవాడట ఆయన.

1989లో జంగయ్య పరీక్ష పాసై సొంత లైసెన్సుకు పెట్టుకున్నాడు. దానికి మెగ్గర్ తనకుందని, తనిఖీకి వచ్చే ఆఫీసరుకు చూపించాలి. అది కొనాలంటే వైర్‌మన్‌కి నెలల సంపాదన. అందుకని ఎవరూ కొనరు. బజార్లో ఒకాయన దగ్గర ఒకే ఒక్క మెగ్గర్ ఉంటుంది, దాన్ని అందరూ ఆ పూటకి కిరాయికి తెస్తారు. అదే పెట్టె, అదే నంబరు, పొద్దున ఒకడి ఇంట్లో, మధ్యాహ్నం ఇంకొకడి ఇంట్లో! జంగయ్య భార్య బాలమణి చీటీ పాడి డబ్బు తెచ్చింది. కొత్త మెగ్గర్ వచ్చింది. ఆఫీసరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంటి, కొత్తగా ఉంది? రోజూ వచ్చేది ఏమైంది?"

"ఇది నాదే సార్. కొన్న."

"కొన్నావా! ఎందుకయ్యా?"

ఈ ప్రశ్న అడిగింది ఆఫీసరు! ఇంకెవరో కాదు.

మూడేళ్ల గడువుతో లైసెన్సు వచ్చింది. పని మాత్రం రాలేదు. జంగయ్య మంచి వైరు, కారిన కరెంటు మనిషికి తగలకుండా భూమిలోకి దించే సరైన ఎర్తింగు కలిపి ధర చెబితే, ఇంటివాళ్లు ఆసాంతం విని, "అదంతా మావాళ్లు చేసేస్తారు గానీ, సంతకం ఒక్కటీ ఎంత?" అనేవాళ్లు. చవగ్గా ఎవడితోనో చేయించుకోవడం, సంతకం విడిగా కొనుక్కోవడం. ఆ గుట్టల మీద బజారంతా ఇంతే. సంతకం అమ్మనివాడికి వ్యాపారం లేదు.

"గా డబ్బాల తొక్కన్న పెట్టుకుందునా? ఊకెనే కూసున్నది" అనేది బాలమణి మెగ్గర్ చూపిస్తూ. తొక్కంటే పచ్చడి.

రెండున్నరేళ్లలో నాలుగు చిన్న ఇళ్లు దొరికాయి. లైసెన్సు మళ్లీ రాయించుకోవాలంటే ఒక్క పెద్ద పనైనా చూపించాలన్నాడు ఆఫీసు గుమాస్తా. లేకపోతే లైసెన్సు పోతుంది, జంగయ్య మళ్లీ ఎవడో ఒకడి కింద వైర్‌మన్.

సరిగ్గా అప్పుడే ఫిల్మ్‌నగర్ నుంచి పిలుపొచ్చింది. ఒక సినిమా నిర్మాత కొత్త బంగళా. రెండు రోజుల్లో గృహప్రవేశం. కరెంటు లేదు. నేనూ వెంట వెళ్లాను, కాబట్టి ఆ రోజు ఆ ఇంట్లో జరిగిందంతా నా కళ్లతో చూసిందే.

నిర్మాతగారి మేనేజరు సుబ్రహ్మణ్యం గేటు దగ్గరే ఎదురొచ్చాడు. "రండి జంగయ్యగారూ! వైరింగంతా మా యూనిట్ లైట్‌మెన్ పది రోజుల్లో లాగేశారండీ. షూటింగులో అంతంత లైట్లు వెలిగించేవాళ్లకి ఇంట్లో ఫ్యానులొక లెక్కా?"

అసలు తిరకాసు అక్కడే ఉంది. సెట్లో వైరు పొద్దున లాగి సాయంత్రం పీకేస్తారు. రెండు తీగలు మెలేసి టేపు చుడితే ఆ పూటకి చాలు. వాళ్లకి వచ్చిన పని అది. ఆ పనే తీసుకొచ్చి గోడల్లో పాతేశారు, పైన నున్నగా ప్లాస్టరింగు చేసేశారు. ఇల్లు సెట్టు కాదని వాళ్లకి చెప్పిన నాథుడు లేడు. జంగయ్య స్విచ్‌బోర్డు విప్పితే లోపల అన్నీ టేపు ముడులే. మెగ్గర్ తిప్పాడు. ముల్లు సున్నా దగ్గర నుంచి లేవలేదు.

"ఎర్తింగు ఏడ పెట్టిన్రు సార్?"

సుబ్రహ్మణ్యం హుషారుగా పెరట్లోకి తీసుకెళ్లాడు. గుండ్రంగా ఇటుకలు పేర్చిన గుంట, రంగేసిన సిమెంటు మూత. మూత తీస్తే పైపు చివర, చుట్టూ బొగ్గులు, ఉప్పు. చూడముచ్చటగా ఉంది. జంగయ్య వంగి, పైపు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ముల్లంగి దుంప ఊడినట్టు చేతిలోకి వచ్చేసింది. ఎనిమిదడుగులు ఉండాల్సిన పైపు, మూరెడు.

"కింద రాయి తగిలిందండీ..." అన్నాడు సుబ్రహ్మణ్యం.

"కెమెరాకు తెల్వదు సార్. కరెంటుకు తెలుస్తది."

నిర్మాత భార్య సీతామహాలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది. "ఏంటి సుబ్రహ్మణ్యం ఆలస్యం? ముహూర్తం ఎల్లుండి. ఊరంతా పిలిచేశాం."

సుబ్రహ్మణ్యం జంగయ్య భుజం మీద చెయ్యేశాడు. "చూడండి జంగయ్యగారూ, ఇవాళ సంతకం పెట్టేయండి. గృహప్రవేశం కానివ్వండి. వారం తిరక్కుండా ఎర్తింగు మీ చేతే వేయిస్తాం. జాయింట్లూ మీరే మార్చండి. పెద్ద పని, మీ లైసెన్సుకీ పనికొస్తుంది. అమ్మగారు మాటిస్తే మాటే."

"ముందుగాల పైపు దింపుత సార్. రెండ్రోజులియ్యున్రి, రాత్రింబగళ్లు రాయి కొడ్త. గప్పుడు సంతకం."

"ఏమయ్యా, పెరడంతా షాబాదు బండలు పరిచాం. శుభమా అని పాలు పొంగిస్తుంటే నువ్వు గొయ్యి తవ్వుతావా?" అన్నాడు సుబ్రహ్మణ్యం.

'గారు' ఎగిరిపోయింది, గమనించారా! జంగయ్య చేతిలో టెస్ట్ రిపోర్టు ఫారం ఉంది. ఆ సంతకంతో ఆయన లైసెన్సు బతుకుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకి నాకంటే బాగా తెలుసు. చివరికి ఫారం మడిచి వెనక్కిచ్చాడు.

"చూసిన అని రాయాలె సార్ గిందుల. నేను చూసిన. గందుకే రాయలేను."

సాయంత్రానికల్లా పట్టాభిరామయ్య సంతకం పడింది. వరండా దిగకుండానే! మర్నాడు కరెంటు వచ్చింది. పాలు పొంగాయి, భోజనాలు అదిరిపోయాయని చెప్పుకున్నారు. వారం గడిచింది, నెల గడిచింది. పెరట్లో గునపం దిగలేదు. జంగయ్య లైసెన్సు గడువు తీరిపోయింది. ఆయన మళ్లీ దినకూలీ వైర్‌మన్ అయ్యాడు.

ఐదు నెలలకి, ఆ బంగళాలో పనిచేసే భూలక్ష్మి నేల తుడుస్తూ తడి చేత్తో ఫ్రిజ్ పిడి పట్టుకుంది. ఎగిరి అవతల పడింది. ప్రాణం దక్కింది. కుడిచేతి మూడు వేళ్లు మాత్రం ఇవాళ్టికీ ముడుచుకోవు. ఆమెది జంగయ్య వాళ్ల గల్లీయే. ఇంటివాళ్లు ఏం చేశారో తెలుసా? ఆమెకి కొత్త రబ్బరు చెప్పుల జత కొనిచ్చారు. ఫ్రిజ్ ముందు చెక్కపలక వేశారు. అమ్మగారి మనసు వెన్న అని సుబ్రహ్మణ్యం అందరితో చెప్పుకు తిరిగాడు. థూ!

జంగయ్య ఆ ఇంటికి మళ్లీ వెళ్లాడు. "పైపు నేను ఊకెనే వేస్త సార్. పైసలొద్దు."

సుబ్రహ్మణ్యం ఎగాదిగా చూశాడు. "నీకు లైసెన్సుందా?"

ఇంటికొచ్చి జంగయ్య అన్నం ముందు కూర్చుని తినలేదు. "గా దినం సంతకం పెట్టి ఉంటే, వారమాగి పైపు దింపేటోన్నేమో. భూలక్ష్మి వేళ్లు మంచిగుండేటియి."

"దింపనిచ్చేటోళ్లా? పాలు పొంగిన ఇల్లు ఎవడు తవ్వనిస్తడయ్యా?" అంది బాలమణి కంచం ముందుకి జరుపుతూ.

"ఏమో. ఒకయాల ఇచ్చేటోళ్లేమో."

పక్కనే కూర్చున్న నన్నడిగాడు. చదువుకున్నవాడివి కదా చెప్పు అన్నాడు. పట్టాభిరామయ్య గురించి, సుబ్రహ్మణ్యం గురించి, ఆ చెప్పుల జత గురించి గంటసేపు తిట్టగలను. ఈ ఒక్కటి మాత్రం మిమ్మల్నే అడుగుతున్నాను. అబద్ధపు సంతకం పెట్టి, లైసెన్సు కాపాడుకుని, వాళ్ల మాట నమ్మి వారం ఆగడమా? పెట్టకుండా తిరిగొచ్చి, పెట్టేవాడికి దారివ్వడమా? చేతిలో ఆ ఫారం, ఎదురుగా ఆ మూరెడు పైపు ఉంటే, మీరైతే ఏం చేసేవారు?