వీపు చెక్కని విగ్రహం

నందుల పేరు మీద వెలసిన ఊళ్లో పుట్టి, నంది కిందే పడి కుంటివాడినైన ఘనత నాదొక్కడిదే. ఆళ్లగడ్డలో చెక్కిన రాతినందిని నా గూడ్సు ఆటోలోంచి దించుతూ, పక్కకు తప్పుకోమని అందరికీ అరిచి చెప్పి, నేను మాత్రం తప్పుకోవడం మరిచిపోయాను. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషికి అంతకంటే తెలివి ఎక్కడిదని మా ఇంటావిడ ఇప్పటికీ అంటుంది. నంది కొమ్ము కూడా విరగలేదు. నా పాదం చితికింది. గుడివాళ్లు ముందు నంది దగ్గరికే పరిగెత్తారు.

నా దగ్గరికి పరిగెత్తింది మా వీధి కుర్రవాడు. అప్పుడే ఇంటర్ అయిపోయింది వాడికి. వాళ్లమ్మ నంద్యాలలోనే ఒక చిన్న ఆసుపత్రిలో ఆయా. కట్టు కట్టడం ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. భుజం మీది తువ్వాలు చించి నా పాదానికి చుడుతూ, పెళ్లిపందిట్లో పలకరించినట్టు అడిగాడు:

"పొద్దున ఏం తిన్నావ్ మామా?"

వాడి ఏడుతరాలనూ తిట్టాను. వాడు మళ్లీ అదే అడిగాడు. ఉగ్గాని అన్నాను.

"ఉప్పు సరిపోయిందా?"

ఉప్పు సంగతి నేను ఆలోచిస్తూ ఉండగానే ముడి పడిపోయింది. అది వాళ్లమ్మ ఎత్తు అని తర్వాత తెలిసింది. బుద్ధి కడుపు మీదికి పోతే నొప్పిని కాసేపు మరిచిపోతుందట.

ఆ తర్వాత వాడు సైన్యంలో వైద్య సహాయకుడిగా చేరాడు. మా వీధికి అంత పొడుగు మాట ఎందుకు, మిలిటరీ కాంపౌండర్ అన్నాం. సెలవుల్లో వచ్చినప్పుడు నీకు తుపాకీ ఇస్తారా, సూది ఇస్తారా అని ఏడిపించేవాణ్ణి. రెండూ ఇస్తారు, నీకేది కావాలో చెప్పు మామా అనేవాడు.

ఉత్తరాన ఎక్కడో కొండల్లో జరిగిన ఎదురుకాల్పుల్లో చనిపోయాడు. పెట్టెతో పాటు హిందీ మాట్లాడే ఒక సైనికుడు వచ్చాడు. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ కాబట్టి అతనితో మాట్లాడే పని నా మీద పడింది. దెబ్బ ఎక్కడ తగిలిందని అడిగాను. అతను నోటితో చెప్పలేదు. చేయి వెనక్కి పోనిచ్చి, రెండు భుజాల మధ్య తాకి చూపించాడు. నేను చూశాను. నా వెనక నిలబడ్డవాళ్లూ చూశారు.

సమాధి మీద మట్టి ఆరకముందే ఆటో స్టాండు దగ్గరి టీ కొట్టులో మాట మొదలైంది. వెనక తగిలిందంటే ముఖం ఎటు ఉన్నట్టు, అన్నాడు ఒకడు. ఇంకొకడు అవును గదా అన్నాడు. అంతే. ఆ పై మాట ఎవరూ అనలేదు. నేను టీలో చక్కెర కరిగిపోయాక కూడా చెంచాతో తిప్పుతూనే ఉన్నాను.

వాడంటే నాకు ప్రాణం. కానీ అనుమానానికి ప్రేమతో పేచీ ఏమీ ఉండదు, రెండూ ఒకే గదిలో కాపురం చేస్తాయి. వాడు గుర్తొచ్చినప్పుడల్లా ముందు ఆ సైనికుడి చేయి వెనక్కి పోవడమే కనిపించేది. చిన్నప్పుడు వీధి మూలమీది కుక్క మొరిగితే వాడు చుట్టూ తిరిగి ఇంటికి పోయేవాడు. ఇన్నేళ్లుగా గుర్తురాని ఆ కుక్క కూడా అప్పుడే సాక్ష్యం చెప్పడానికి లేచి వచ్చింది.

ఒకరోజు ఆ తల్లి నా ఆటో దగ్గరికి వచ్చి నిలబడింది. చుట్టరికం లేకపోయినా ఆమెను అక్కా అనే పిలుస్తాను.

"వాడు పరిగెత్తినాడని అంటాండారంట. నువ్వూ అట్నే అనుకుంటాండావా?"

"ఆ టీ కొట్టోళ్లకేమక్కా, నంది కూడా నన్ను జూసి పరిగెత్తిందంటారు."

ఆమె నవ్వలేదు. అడిగినదానికి జవాబు రాలేదని నాకు అర్థమయ్యేంతసేపు నిలబడి, ఆసుపత్రికి వెళ్లిపోయింది. అప్పటినుంచి టీ కొట్టు ముందు నుంచి నడవడం మానేసి, వెనక సందులోంచి పనికి పోయేది.

వీధి కుర్రాళ్లు వాడు చదివిన బడి గోడ దగ్గర విగ్రహం పెడదామన్నారు. ఆమె మొదట వద్దంది. వాళ్ల చర్చిలో విగ్రహాల అలవాటు లేదు. చివరికి ఒప్పుకుంది కానీ షరతులు పెట్టింది. దండ వేయకూడదు, కొబ్బరికాయ కొట్టకూడదు, చేతిలో తుపాకీ ఉండకూడదు, మందుల సంచీ ఉండాలి.

ఆళ్లగడ్డకు పోయి చెప్పి రావలసింది నేనే. శిల్పి ఫొటో తీసుకుని, నడిబజారులో నిలబెడతారా, గోడకు ఆనిస్తారా అని అడిగాడు. గోడకైతే వీపు పక్క నున్నగా చెక్కరు, ఉలి దెబ్బలు అట్లాగే వదిలేస్తారు. కనపడని దాని మీద పని ఎందుకని అక్కడి పద్ధతి. గోడకే అన్నాను, అతను అడగడం పూర్తికాకముందే. వీపు లేకపోతేనే మంచిదనిపించింది.

రాయి పని సగం అయిన రోజుల్లో ఆటో స్టాండులో ఒక మనిషి దిగాడు. చంకలో కర్ర. హిందీలో ఆ తల్లి ఇల్లు అడిగాడు. కాల్పుల్లో తన కాలికి కట్టు కట్టింది ఆ కుర్రవాడేనన్నాడు. మీకు ఎన్నాళ్ల స్నేహం అన్నాను. స్నేహమేమీ లేదు, తనది వేరే దళం, అంతకుముందు అతన్ని చూడనే లేదు, పేరు కూడా మరుసటిరోజే తెలిసింది అన్నాడు.

ముఖపరిచయం కూడా లేని మనిషి కోసం ఇంత దూరం ఎవరైనా వస్తారా? పైగా అంత దూరం రైల్లో వచ్చినవాడి చొక్కా నలగలేదు. ఎవరో పంపి ఉంటారు, తల్లి కన్నీళ్లు తుడిచి రమ్మని. అవి తుడిచి ఇంకేం అడుగుతాడో. దగ్గరి దారి వదిలేసి చుట్టుదారిన తీసుకుపోయాను. ఏ కాలు, వానాకాలం సలుపుతుందా, కర్ర ఎక్కడ చేయించావు, అన్నీ అడిగాను. అన్నిటికీ ఓపికగా చెప్పాడు. అబద్ధాలు చెప్పేవాళ్లకు ఓపిక ఎక్కువే అనుకున్నాను.

ఆమె అతనికి కుర్చీ వేసి, ఎదురుగా నేల మీద కూర్చుంది. నా వైపు తిరిగి ఒక్కటే అడగమంది.

"వాడు ఎటు తిరిగి ఉన్నాడో అడుగప్పా."

అతను కర్ర పక్కన పెట్టాడు. కుర్చీలోంచే ముందుకు వంగి, రెండు చేతులూ గాలిలో ముడి వేస్తున్నట్టు చూపించాడు. తాను నేల మీద పడి ఉన్నాడట. కుర్రవాడు తన మీదికి వంగి ఉన్నాడట. తూటాలు వస్తున్న వైపే వాడి వీపు. బండ వెనక్కి రమ్మని మిగతావాళ్లు అరిచారట. ఇంకా ముడి పడలేదని వాడు అన్నాడట.

ఆమె నా ముఖం చూస్తోంది. నేను దాన్ని తెలుగులో చెప్పలేదు. కొలత తీసుకుని కుట్టిన జాకెట్టులా ఉంది ఆ కథ, ఎక్కడా ఒక్క పోగు వదులు లేదు. ఆ తల్లికి ఏం కావాలో సరిగ్గా అదే. ఆమె మాట పక్కన పెట్టి నా మాట అడిగాను. కట్టు కడుతున్నంతసేపూ వాడేమన్నాడు?

అతను తడబడ్డాడు. తల్లి ముందు అది చెప్పే మాట కాదన్నాడు. నా అనుమానం లేచి కూర్చుంది. చెప్పు చెప్పు అని వెంటబడ్డాను. తల వంచుకుని చెప్పాడు. పొద్దున ఏం తిన్నావని వాడు అడిగాడట. పైన తూటాలు, కింద తన నెత్తురు, ఇదా అడిగేదని తాను పచ్చి బూతులు తిట్టాడట. చచ్చిపోబోయేవాణ్ణి అన్ని తిట్లు తిట్టానే అన్నదే ఇన్నాళ్లూ అతన్ని తొలిచేస్తోందట. వాడు మళ్లీ అదే అడిగాడట. తాను కిచిడీ అన్నాడట. అప్పుడు వాడు, ఉప్పు సరిపోయిందా అన్నాడట.

నేను తెలుగులో చెప్పే అవసరం రాలేదు. జీవితమంతా మా గడపల మధ్య బతికిన మనిషి, ఉప్పుకు ఉర్దూలో ఏమంటారో ఆమెకు తెలుసు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. జోకు కోసం వెతుక్కున్నాను. ఒక్కటీ దొరకలేదు. లోపల గిన్నెల చప్పుడు చాలాసేపు వినిపించింది. చివరికి కంచంలో అన్నం, పప్పు తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఉప్పు సరిపోయిందేమో జూడమనప్పా."

అతను ముద్ద నోట్లో పెట్టుకుని, తల ఊపి, ఏడ్చాడు.

విగ్రహం అయిందని కబురు వచ్చిన రోజు ఆమె కూడా నా ఆటోలో ముందుసీట్లో కూర్చుని ఆళ్లగడ్డకు వచ్చింది. షెడ్డులో గడ్డి మీద నిలబెట్టి ఉంచారు. ముఖం వాడిదే. సంచీ పట్టీ, చొక్కా గుండీలు, వంచిన వేళ్లు అన్నీ బాగా వచ్చాయి. ఆమె అవి చూసి, చుట్టూ తిరిగి వెనక్కి పోయింది. అక్కడ ఉలి దెబ్బలు తప్ప ఏమీ లేవు. ఈ పక్క కూడా చెక్కమని శిల్పికి చెప్పింది. గోడకు ఆనించేది కదమ్మా, అనవసరంగా ఇంకో నెల పడుతుంది అన్నాడు అతను.

నా నోరు ఊరుకుంటుందా.

"గోడ తప్ప ఆ వీపును ఎవరు జూస్తారక్కా?"

ఆమె నా వైపు తిరగలేదు. గరుకు రాయి మీద అరచేయి ఆనించి అంది:

"ఇన్ని దినాలూ నువ్వు జూసింది దాన్నే గదప్పా."