ఇప్పచెట్టుకు కట్టిన వ్యాగను

మొన్న పార్వతీపురం స్టేషనులో వేరుశనగకాయలు వొలుచుకుంటూ కూర్చున్నాను. పక్క పట్టాల మీద రెండు గూడ్సు పెట్టెలు వచ్చి ఢామ్మని గుద్దుకుని ఒకటయ్యాయి. ఆ చప్పుడుకి అందరూ అటు తిరిగి చూస్తే, నేను మాత్రం నా మోకాళ్లు తడుముకున్నాను. రెండూ ఉన్నాయి. నాకింకా ముప్పై నిండలేదు, జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదంటుంది మా అమ్మ. ఆవిడ తమ్ముడు, అంటే మా మేనమామ, కాలు పోగొట్టుకోవడానికి నా వయసు ముదిరేదాకా ఆగలేదు మరి.

ఆ రోజుల్లో రైలు దారి కోసం కురుపాం పైకొండల్లో రాళ్లు కొట్టేవారు. క్వారీ నుంచి దిగువకి సన్నపట్టాలు వేసి, ఇనప వ్యాగన్లలో రాళ్లు దింపేవారు. దారంతా పల్లం కాబట్టి బండిని లాగే పని లేదు, ఆపే పనే. వెనక మెట్టు మీద నిలబడి, చక్రానికి ఒక దుడ్డుకర్ర అదిమిపట్టాలి. పుట్టి బుద్ధెరిగాక ఒక్కచోట కుదురుగా కూర్చోని మామయ్యకి ఇంతకన్నా తగిన ఉద్యోగం లేదని ఇంటిల్లిపాదీ సంతోషించాం. అక్కడే ఒక కొండపిల్లని పెళ్లి కూడా చేసుకున్నాడు. కర్రలు తడిస్తే జారుతున్నాయి, ఇనప బ్రేకులు పెట్టించండని కూలీలు అడుగుతూనే ఉన్నారు. వానలు వెళ్లాక చూద్దామన్నాడు కాంట్రాక్టరు. వానల కన్నా ముందు మామయ్య కాలు వెళ్లింది. దిగువన బండి ఆపుకుని నిలబడ్డవాణ్ణి, వెనక జారుకుంటూ వచ్చిన వ్యాగను గుద్దేసింది. రెంటి మధ్యా నలిగిన కుడికాలిని ఆస్పత్రిలో మోకాలి దాకా తీసేశారు.

అమ్మ నన్ను సాయానికి పంపింది. గుడిసెలో మంచం మీద మామయ్య అటూ ఇటూ పొర్లుతూనే ఉండేవాడు. "ఒరే అల్లుడా, లేని కాలు దురదెడతందిరా. ఎక్కడ గోకమంటావు?" అనేవాడు. "ఎక్కడో సోట గోకు మావా, అదేటైనా సూత్తాదా?" అన్నాను. నవ్వాడు. నవ్వి గోడవైపు తిరిగిపోయాడు.

పనిలో కాలో చెయ్యో పోతే యజమాని నష్టపరిహారం ఇవ్వాలని కొత్త చట్టం వచ్చిందని ఆస్పత్రి కాంపౌండరు చెప్పాడు. చట్టం వచ్చింది గాని యజమాని రాలేదు. "పాపం, ఆ మనిషి మేస్త్రీ మనిషి. బళ్లు కూడా మేస్త్రీవే" అన్నాడు కాంట్రాక్టరు. మేస్త్రీ దగ్గరికెళితే, "నాకేటి తెల్దు బాబూ, బళ్లు ఆయనవే, మడుసులూ ఆయనోలే" అన్నాడు. ఆ రెండు డేరాల మధ్య తిరిగి తిరిగి, ఆ కొండ మీద మేకలకి కూడా నేను పరిచయస్థుణ్ణయ్యాను. చివరికి నా అర్జీ అందుకుని, క్వారీకే వచ్చి విచారిస్తానని పరిహారాల సంగతి చూసే సర్కారు అధికారి కబురు పంపాడు. ముందు యజమానెవరో తేలాలన్నాడు. మాకు తెలియంది కూడా అదొక్కటే.

అధికారి వచ్చే రోజు పొద్దున్నే మా అత్త, అంటే మామయ్య చేసుకున్న ఆ కొండపిల్ల, తన తండ్రినీ ఊరిపెద్దల్నీ వెంటబెట్టుకొచ్చింది. "మీ మావ కాలు తిన్న గొడ్డేదల్లుడా?" అంది. చూపించాను. నా కళ్లముందే అడ్డతీగ తాళ్లతో ఆ వ్యాగనుని ఇప్పచెట్టుకి కట్టేసి, చుట్టూ కూర్చున్నారు. వాళ్ల ఊళ్లో ఎద్దు మనిషిని పొడిస్తే అంతే: ఎద్దుని కట్టేస్తారు. ఎవడొచ్చి విప్పితే వాడే దాని యజమాని, దెబ్బతిన్నవాడి బతుకు భారం వాడిదే. నాకు సిగ్గేసింది. "అత్తా, అది ఇనుము. గడ్డి కూడా తినదు" అన్నాను.

"గడ్డెట్టకుండానే కాలు మింగింది. గడ్డి కూడా ఎడితే ఊరినే మింగీసును" అంది.

ఆ వ్యాగను కదలకపోతే వెనకున్నవేవీ కదలవు. విప్పమంటే, కూలీలంతా కొండవాళ్లే, ఒక్కడూ చెయ్యి పెట్టలేదు. అధికారి వచ్చి చూస్తూ నిలబడ్డాడు. కాంట్రాక్టరు గడియారం చూసుకుంటూ మేస్త్రీ మీద కేకలేశాడు. ఆ ఆచారం తెలిసిన మేస్త్రీ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "బండి మీది బాబూ, నానెలా ఇప్పుతాను?" అన్నాడు. కాంట్రాక్టరు మొహం జేవురించింది. కత్తి లాక్కుని తనే వెళ్లి తాళ్లు తెగనరికాడు. "నా బండి కట్టడానికి మీరెవర్రా?"

మా అత్త తండ్రి గోచీ దులుపుకుని లేచాడు. "దొరికినాడు" అన్నాడు, తప్పిపోయిన ఎద్దు కనిపించినంత తాపీగా.

నేను అధికారి వైపు తిరిగి, "బండి ఆయనదైతే, బండి ఆపినవాడు ఎవరివాడండీ?" అన్నాను. ఆయన నవ్వలేదు. కాంట్రాక్టరు చేతిలో ఉన్న తాడుముక్క వైపు చూసి, "కూర్చోండి, మాట్లాడదాం" అన్నాడు.

పరిహారం వచ్చింది, చట్టాలకి తగ్గ నడకతో. ఇనప బ్రేకులూ వచ్చాయి. కాలు మాత్రం రాలేదు, అది ఏ చట్టంలోనూ లేదట. మామయ్యని కొత్త లైను మీద గేటు కాపలాకి పెట్టారు. మొన్న అతన్ని చూసి వస్తూనే స్టేషనులో కూర్చున్నాను. ఇప్పటికీ బండి వచ్చే ముందు లేని కాలు దురద పెడుతుందట. బండి దాటిపోయినా కుదురుండదు, తరవాతి దాని కోసం గేటు దగ్గర కుంటుతూ తిరుగుతుంటాడు. కాలమూ అలాగే మనుషుల మీంచి పోతూనే ఉంది. దాన్ని ఏ ఇప్పచెట్టుకి కడితే యజమాని వచ్చి విప్పుతాడో, మా అత్తనడిగినా చెప్పలేకపోయింది.