మిల్లు గోడ వారగా నా బండి

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ నవ్వులాటే. మా అత్త తాయెత్తు కట్టబోతే చెయ్యి వెనక్కి లాక్కున్న మనిషిని. ఇప్పుడు కూడా ఎవరైనా నమ్ముతావా అని అడిగితే లేదనే అంటాను. జరిగింది మాత్రం చెప్తాను.

మాది ప్రొద్దుటూరు. జమ్మలమడుగులో ఒక కాలేజీలో క్లర్కుగా చేస్తున్నాను. ఇంటినుంచి స్కూటీ మీద వచ్చి, రోజూ బస్సెక్కుతాను. బస్టాండు దగ్గరి బండ్ల స్టాండు పొద్దున ఎనిమిదికల్లా నిండిపోతుంది. రోడ్డు మీద పెడితే పోలీసులు ఎత్తుకుపోతారు. అందుకే నాలాంటివాళ్లం పదిమందిమి జమ్మలమడుగు రోడ్డులో, బస్సు ఆపే చోటుకు దగ్గరగా, ఒక నూనె మిల్లు గోడ వారగా బండ్లు పెట్టుకుంటాం. వాచ్‌మన్ పెట్టిన షరతు ఒక్కటే, హ్యాండిల్ లాక్ వేయకూడదు. లారీ వస్తే బండ్లు పక్కకు జరపాలి కదా.

మా ఆయన ఆ పక్క వీధిలోనే టైలర్. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు ఈడుస్తూ నడిచేవాడు. నా మణికట్టు విరిగినప్పటినుంచి బండి వెనక్కి లాగడం నాకు ప్రాణాల మీదికొచ్చేది. ఆయన మధ్యాహ్నం అన్నానికి పోయేటప్పుడు మిల్లు దాకా నడిచొచ్చి, గోడ వైపున్న నా బండిని రోడ్డు వైపు తిప్పి పోయేవాడు. సాయంత్రం నేను బస్సు దిగి, ఎక్కి వచ్చేయడమే. ఆ సంగతి నాకు చెప్పను కూడా చెప్పలేదు. వాచ్‌మన్ చెప్తే తెలిసింది.

పోయిన ఎండాకాలం ఒకరోజు బస్సు కదులుతోందని హడావుడిలో లాక్ వేసేశాను. మధ్యాహ్నం ఆయన ఫోను. లారీ లోపలికి పోలేక నిలబడిపోయిందంట, వాచ్‌మన్ అంగడికొచ్చి అరుస్తున్నాడంట.

"హ్యాండిల్ లాక్ వేసినావా ఏంది?"

మా ప్రిన్సిపాల్ ఎదురుగానే ఉన్నాడు. నాకు చిరాకేసింది. "వేస్తే వేసినా. ఇంకో తాళం నీ కాడే ఉంది గదా, పోయి తీసిరా" అని ఫోను పెట్టేశాను.

ఆ ఎండలో పోయి తాళం తీసి లారీకి దారిచ్చాడు. తర్వాత బండిని రోడ్డు వైపు తిప్పి పెట్టాడు. అక్కడే గోడ నీడన కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. ఫోనులో విసుక్కున్న ఆ మాటే ఆయనతో నేనన్న ఆఖరి మాట. నన్ను నేను ఎంత తిట్టుకున్నా తీరదు.

రెండు నెలలకు మళ్లీ డ్యూటీకి పోయాను. మొదటి రోజు సాయంత్రమే బండి రోడ్డు వైపు తిరిగి ఉంది. ఎవరో పుణ్యాత్ములు అనుకున్నాను. రోజూ అంతే. పాత వాచ్‌మన్ మానేశాడు, లింగాల నుంచి కొత్తాయన వచ్చాడు. నేను కాదన్నాడు. బండ్లు పెట్టేవాళ్లందరినీ అడిగాను, ఎవరూ కాదన్నారు.

ఇక ఉండబట్టలేక, చచ్చినా వేయకూడదనుకున్న లాక్ ఒకరోజు వేశాను. రెండు తాళాలూ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి. బస్సులో రెండుసార్లు తడిమి చూసుకున్నాను. సాయంత్రానికి లాక్ తీసి ఉంది. బండి రోడ్డు వైపే ఉంది.

మా ఆయన్ను ఎప్పుడూ చూడని ఆ కొత్త వాచ్‌మన్ అన్నాడు, "మధ్యాన్నం ఎవురో ఆయప్ప వచ్చి తిప్పినాడు మా. మీ మనిషే అనుకుంటి. ఎడం కాలు ఈడుస్తాండాడు. నీళ్లు తాగి పోప్పా అంటి, నిలబడకుండానే పాయ."

అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆ కాలితో, ఆ ఎండలో ఇంకా నా కోసమే నడుస్తున్నాడే. ఎవరు వింటున్నారో కూడా చూసుకోకుండా పైకే అన్నాను.

"శానా నడిచినావులేయ్యా. ఇంక రావద్దు. నేనే తిప్పుకుంటా."

మరుసటి రోజు సాయంత్రం బండి నేను పెట్టినట్టే గోడ వైపు ఉంది. ఆ తర్వాత రోజూ అంతే.

లాక్ ఎవరు తీశారో, నేను రావద్దన్న రోజుతోనే ఎందుకు ఆగిపోయిందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. ఆయన కష్టం చూడలేకే ఆ మాట అన్నాను. అయినా రోజూ బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తొంగి, బండి ఎటు తిరిగి ఉందో చూస్తాను.