కుళాయి దగ్గర జినియాలు

వానలు రావాల్సిన నవంబరులోనూ షోషాంగ్ ఊళ్లో ఇసుక కాలుతోంది. వీధి కుళాయికి వారంలో రెండు రోజులే నీళ్లు. బకెట్లు నింపేటప్పుడు ఒలికిన కాస్తా పల్లంలోకి జారి ఆవిరైపోయేది. ఆ పల్లంలోనే జినియా పూలమొక్కలు నాటింది గొసెగో తల్లి. ఊరంతా ఆమెను మ్మాగొసెగో అంటారు.

ముప్పై ఏళ్లు ఆమె గని అధికారుల బంగళాల్లో పచ్చికకు నీళ్లు పెట్టింది. అక్కడ గొట్టం పగలంతా పారేది, ఆమె వాడలో మాత్రం గొంతు తడుపుకోవడానికీ వరసలో నిలబడాలి. అయినా ఎండను తట్టుకునే పువ్వేదో, దానికి ఎన్ని చుక్కలు చాలునో అక్కడే నేర్చుకుంది. పని మానేసిన రోజు తలగుడ్డ కొసన గింజలు ముడేసుకుని వచ్చింది.

ఆ ఊళ్లో వాకిట గడ్డిపరక మొలిస్తే ఇల్లాలికి చెడ్డపేరు. మొక్క ఉన్నచోట పాము చేరుతుందని భయం. అందుకే పక్కింటి మ్మాతిరో వాడ పెద్దల సభలో ఫిర్యాదు చేసింది.

"పిల్లలు నీళ్లకొచ్చే చోట పొద పెంచుతోంది పెద్దయ్యా. రేపు తాచు కాటేస్తే ఈ పూలు చూపించి ఓదారుస్తుందా?"

"పీకేయమంటున్నారు. నువ్వేమంటావమ్మా?" అన్నాడు వాడ పెద్ద కెబొనాంగ్.

"రేపు తెల్లారగానే, బకెట్లు రాకముందే వచ్చి చూడండి. పాము జాడ ఒక్కటి కనిపించినా నా చేత్తోనే పీకేస్తా."

ఆ సాయంత్రం రోజూలాగే మొక్కమొక్క చుట్టూ చీపురు చారలు పడేలా ఇసుక ఊడ్చింది. దానిమీద పేడపురుగు నడిచినా గీత పడుతుంది.

పొద్దున కెబొనాంగ్ వంగి చూశాడు. వెనక వాడ ఆడవాళ్లంతా ఉన్నారు. పాము జాడ లేదు. కోడి అడుగులున్నాయి. ఇంకా చెప్పుల అచ్చులు, కుడి మడమ అరిగినవి, మ్మాతిరో గుమ్మం నుంచి వచ్చి ఎర్ర జినియా దగ్గర ఆగి వెనక్కి వెళ్లాయి. అందరి చూపూ మ్మాతిరో కాళ్లమీద పడింది.

"ఈ పాము చెప్పులేసుకుని తిరుగుతుందేంటమ్మా?" అన్నాడు పెద్ద.

"మనవరాలు అడిగింది... ఒక్కటే కోశా" అని నసిగింది మ్మాతిరో.

"పూలుంటాయి" అని తేల్చేసి ఆయన వెళ్లిపోయాడు.

మ్మాగొసెగో నవ్వలేదు. "నన్నడిగితే గుత్తి కోసిచ్చేదాన్ని కదా వదినా" అంటూ చీపురు అందించింది. "నీ అడుగులు నువ్వే ఊడ్చు. ఇకనుంచి ఓ రోజు నువ్వు, ఓ రోజు నేను."

మ్మాతిరో నడుం వంచింది.

"అంత గట్టిగా గీకకు, మొక్కల వేళ్లు తెగుతాయి" అంది మ్మాగొసెగో.